రేకుల హాల్లో మే నెల వాన

మా వీధిలో ఉండే ఒకతను నాచారం పారిశ్రామికవాడలో లేత్ మెషీన్ మీద పనిచేస్తూ, సాయంత్రాలు నాటకాలు వేయించేవాడు. మా దర్శకుడు అతనే. నన్ను అక్కా అని పిలిచేవాడు. నటన నా వల్ల కాదని తేలిపోయాక నాకు శబ్దాల పని అప్పగించాడు. తలుపు చప్పుడు, కుక్క అరుపు, దూరంగా రైలు కూత. సీడీ పెట్టి బటన్ నొక్కడమే కదా అనుకున్నాను, వాన నాటకం చేతికొచ్చేదాకా.

నీళ్ల ట్యాంకర్ దగ్గర కొట్టుకుని మాటలు మానేసిన రెండు ఇళ్ల కథ అది. చివర్లో వాన పడుతుంది. రెండిళ్ల వాళ్లూ బకెట్లు పట్టుకుని బయటికొస్తారు. ఆ వాన నమ్మించేలా ఉంటేనే నాటకం నిలబడుతుంది.

కొట్లో కొన్న సీడీలోని వాన వినిపించాను. అతను చెవి రిక్కించి విన్నాడు.

"ఏందక్కా, మిర్చి బజ్జీలు ఏస్తున్నరా?"

రిహార్సల్‌కి వచ్చినవాళ్లందరూ పగలబడి నవ్వారు. ఇంటికెళ్లి మళ్లీ విన్నాను. నిజంగానే మూకుట్లో బజ్జీలు వేగుతున్నట్టే ఉంది.

తర్వాత గోదావరి పక్క మా పుట్టింటికి వెళ్లినప్పుడు, పెంకుల మీద పడే ముసురు రికార్డు చేసి తెచ్చాను. మధ్యమధ్య కప్పలు కూడా పలికాయి. నాకు చాలా గర్వంగా ఉంది. అతను మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మంచిగనే ఉన్నది గానీ, ఇది మీ దిక్కు వాన అక్కా. మా దిక్కు గిట్ల రాదు. ముందు గాలి లేస్తది. దుమ్ము కొడ్తది. రేకులు లేసి పడ్తయి. గప్పుడు పెద్ద పెద్ద సుక్కలు టపటప పడ్తయి. జరసేపు కుమ్మి పోతది."

అవి ఉద్యమం రోజులు. మీ దిక్కు, మా దిక్కు అన్న మాట వింటేనే నాలాంటి వాళ్లకి గుండె ఝల్లుమనేది. ముఖం ముడుచుకుని ఇంటికొచ్చేశాను. కానీ వంట చేస్తున్నా, బస్సులో కూర్చున్నా అతని మాటే చెవిలో తిరిగింది. గాలి, దుమ్ము, రేకులు, ఆ తర్వాతే చుక్కలు. ఇన్నేళ్లుగా ఉప్పల్‌లో ఉంటూ, వాన వస్తోందంటే బట్టలు తీయడానికి పరిగెత్తానే తప్ప ఏనాడూ నిలబడి వినలేదు.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే మబ్బు పట్టింది. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర పంక్చర్ షాపు రేకుల కిందికి దూరి, చిన్న రికార్డర్ బయటికి తీశాను. అతను చెప్పిన వరుసలోనే వచ్చింది వాన. జల్లు కొట్టి తడిసి ముద్దయ్యాను, కానీ దొరికింది.

మేం నాటకం వేయబోయే రేకుల హాల్లో వినిపిస్తే ఇంకో చిక్కు. వాన స్టేజీ మూల నుంచి వస్తోంది! పైనుంచి రావద్దూ? స్పీకర్లు దూలాలకు కట్టి, రేకుల వైపు తిప్పి పెట్టమని మైక్‌సెట్ ఆయన్ని అడిగాను.

"స్పీకర్లు జనం దిక్కు పెడతరు గానీ, మొగులు దిక్కు పెడతరా మేడమ్?" అని గొణుక్కుంటూనే కట్టాడు.

మీట నొక్కగానే రేకులే మోగాయి. వరండాలో టీ తాగుతున్న మా దర్శకుడు గ్లాసుతో సహా లోపలికి పరిగెత్తుకొచ్చి పైకి చూశాడు.

"గిదీ వానంటే!"

ఒక్కటే మిగిలింది. ఫ్యాన్ల హోరులో మొదటి చుక్కలు వినపడటం లేదు. వానకి కాస్త ముందు ఫ్యాన్లు ఆపేద్దామన్నాను.

"మే నెలల ఫ్యాన్లు బంద్ జేస్తే జనం లేసి పోతరక్కా."

"పోతే నన్నడుగు."

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. చివరి రంగంలో ఫ్యాన్లు ఆగాయి. జనం ఉక్కపోతతో కరపత్రాలు విసురుకోసాగారు. నేను అనుకోనిది అదే. వానకి ముందుండే ఉక్క దానంతటదే వచ్చేసింది! హాలు బయట ఇద్దరు నటులు టార్పాలిన్ పట్టుకుని దబదబా కొట్టారు. గాలి చప్పుడు లేచింది. నెత్తిమీద ఒక చుక్క. ఇంకొకటి. వందల తలలు ఒక్కసారి పైకి లేచాయి.

"అయ్యో, డాబా మీద మిరపకాయలు!" అంటూ మధ్య వరుసలో ఒకావిడ లేచి, అందరి కాళ్లూ తొక్కుకుంటూ బయటికి పరిగెత్తింది. క్షణంలో గుమ్మం దగ్గర మళ్లీ ప్రత్యక్షమైంది.

"ఒక్క సుక్క లేదు! బయట ఒక్క సుక్క గూడ లేదు!"

హాలంతా గొల్లున నవ్వింది. స్టేజీ మీద బకెట్ పట్టుకున్న నటుడు తడుముకోలేదు.

"మా దిక్కు పడుతున్నదమ్మా. నువ్వొచ్చి కూసో!"

చప్పట్లు మొదలయ్యాయి. వాన జోరు పెంచి, అదే ఊపులో ఫ్యాన్లన్నీ వేసేశాను. చెమట పట్టిన ఒంటికి చల్లగాలి తగిలేసరికి జనం హాయిగా కేకలు పెట్టారు, ఈలలు వేశారు. తెర పడినా ఎవరూ కదలలేదు.

దర్శకుడు నన్ను స్టేజీ మీదికి లాక్కొచ్చాడు. "వాన కురిపించింది మా అక్క!" అని మైకులో అరిచాడు. మిరపకాయల ఆవిడ ముందుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మస్తు కురిపిచ్చినవ్ బిడ్డా," అంది.

మల్కాజిగిరి, ఏఎస్ రావు నగర్, సైనిక్‌పురి... రాష్ట్రం వచ్చేనాటికి ఆ నాటకాన్ని ఎన్ని చోట్ల ఆడామో. వెళ్లిన ప్రతి చోటా దర్శకుడు స్టేజీ కొలుచుకునేవాడు, నేను నడుం మీద చేతులు పెట్టుకుని పైకప్పు చూసేదాన్ని. కొత్త కరపత్రాల్లో నటుల పేర్ల కింద ఇంకో వరుస చేరింది: 'ధ్వని', దాని పక్కన నా పేరు.