నిమ్మకాయలు పెట్టే చోటు

కొత్త టైరు కింద నిమ్మకాయ చితికినప్పుడు వచ్చే వాసన అందరికీ శుభమే. నాకు మాత్రం ఆ పులుపు, రబ్బరు, డీజిలు కలిసిన వాసన తగలగానే తోట పక్క బోదెకాలువలో బురదనీళ్ళు గుర్తుకొస్తాయి. మొన్న రాజోలు దగ్గర ఒక కొబ్బరితోటలో చిన్న ట్రాక్టరుకు పూజ చేస్తుంటే మళ్ళీ అదే జరిగింది. తోట యజమాని హారతి పళ్ళెం చాచి, "కళ్ళకద్దుకోండి ప్రసాదుగారూ, అలా చూస్తున్నారేంటండీ?" అన్నారు. కళ్ళకద్దుకున్నాను. అప్పుడు నేను చూస్తున్నది ఆయన ట్రాక్టరును కాదు. రత్నంగారిని.

రత్నంగారు అమలాపురంలో ట్రాక్టర్ల షాపు నడిపిన మనిషి. భర్త పోయాక షాపు అమ్మేసి ఇంట్లో కూర్చుంటారని అందరూ అనుకుంటే, ఆవిడ వెళ్ళి ఆయన కుర్చీలోనే కూర్చున్నారు. నేను అక్కడ పనికి చేరేనాటికి ఆవిడ నోటికి భయపడని రైతు లేడు, ఆవిడ మాట కాదని సుఖపడిన రైతూ లేడు. మాది రాయవరం. పెద్ద పెద్ద వరిచేల మధ్య పుట్టినవాణ్ణి కాబట్టి, బండి ఎంత పెద్దదైతే మనిషికి అంత మర్యాద అనుకుంటూ పెరిగాను. చేరిన కొత్తలో వచ్చిన ప్రతివాడికీ పెద్ద బండి చూపించేవాణ్ణి. ఆవిడ కొన్నాళ్ళు ఊరుకుని ఒకరోజు పిలిచారు.

"ఎన్ని ఎకరాలని అడగడం కాదు ప్రసాదూ. ఎక్కడ తిప్పుతారండీ అని అడుగు. కొబ్బరిచెట్ల మధ్య అరటి వేసుకుంటారు మనోళ్ళు. అందులోకి పెద్ద బండి వెళ్ళుద్ది, తిరగలేదు. పైగా ఆ బరువుకి తడినేల గట్టిపడిపోయి వేళ్ళు ఊపిరాడక చస్తాయి. చెట్టు ఆ ఏడాది ఏమీ అనదు. తర్వాతెప్పుడో కాపు తగ్గిపోద్ది. అప్పుడు తిట్టేది మనల్నే."

చిన్న తోటకు చిన్న బండి ఎందుకో నాకు అంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. అయితే ఆవిడ ఈ నిజాన్ని ఎప్పుడూ నలుగురిలోనే చెప్పేవారు, అదీ నవ్విస్తూ. పక్క తోటవాడికి పెద్దది ఉంది కాబట్టి తనకూ పెద్దదే కావాలని వచ్చిన ఒక పెద్దాయనతో, "కొనుక్కోండి బాబాయ్‌గారూ, తోటలోకి తోలాక ఇక బయటికి రాదు, అక్కడే గుడి కట్టించెయ్యండి" అన్నారు. షాపంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వి చిన్నదే తీసుకెళ్ళాడు. ఇలా ఎంతోమందిని నవ్వించి సరైన బండి అంటగట్టారు. అదొక విద్య అనుకుని నేనూ ఆ ఎకసెక్కాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆవిడ తమ్ముడు శ్రీను మస్కట్‌లో చాలాకాలం పెద్ద యంత్రాలు తోలి, ఇక చాలనుకుని ఇంటికొచ్చేశాడు. కొత్తపేట దగ్గర రెండెకరాల తోట ఆయనది. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి పెంచింది రత్నంగారే. వచ్చినవాడు తిన్నగా షాపుకొచ్చి, ముందువరసలో నిలబెట్టిన అన్నిటికంటే పెద్ద ట్రాక్టరు మీద చెయ్యేసి, "అక్కా, నాకిది కావాలి" అన్నాడు. ఆ పూట షాపు నిండా జనం ఉన్నారు.

"మస్కట్ ఇసకలో తోలీతోలీ మన నేల మర్చిపోయేవురా. అరటిబోదెల్లో తిప్పడానికి ఇదా? ముందు సైకిలు తొక్కి చూపించు, తర్వాత చూద్దాం" అన్నారు ఆవిడ.

అలవాటుగా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. శ్రీనుకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "తోట ఒక్కటే కాదక్కా, కిరాయికి చేలు దున్నుదామని..." అని ఏదో చెప్పబోయాడు. ఆవిడ అప్పటికే ఇంకొకరి వైపు తిరిగిపోయారు. ఎప్పుడొచ్చినా అక్కగారింట్లో అన్నం తినకుండా వెళ్ళని మనిషి, ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

పంతం పట్టి వేరే ఊళ్ళో అలాంటి పెద్ద బండే కొన్నాడు. పూలదండలు వేసుకుని, హారన్ మోగించుకుంటూ మా షాపు ముందునుంచే తోలుకెళ్ళాడు. చక్రాలకు నిమ్మకాయ తొక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. రత్నంగారు కుర్చీలోంచి లేవలేదు. "వాడి తోట ముందు బోదె మీద తాటిదుంగల వంతెనుంది కదా, అది ఇంత బరువు మొయ్యదు. దాన్ని చూడగానే వాడే దిగొస్తాడు" అన్నారు. ఆ మాటలో కోపం ఉంది, తమ్ముడు ఓడిపోయి వస్తే చూడాలన్న సరదా కూడా ఉంది. తమ్ముడికి ఫోను చేసి మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

శ్రీను దిగిరాలేదు. మా వైపు దుంగల వంతెన గట్టిదా కాదా అని చూసే పద్ధతి ఒకటుంది. నలుగురు మగాళ్ళు దాని మీదకెక్కి గెంతుతారు. కదలకపోతే గట్టిదన్నట్టే. తాతల నాడు ఎడ్లబళ్ళు నడిచిన వంతెన, మనుషులు గెంతితే ఎందుకు కదులుతుంది? గెంతి చూసుకుని, పైన ఇంకో రెండు దుంగలు పరిచి, బండి దాటించాడు. దాటింది. ఆ ఎండాకాలమంతా దాటుతూనే ఉంది. ఊళ్ళో వాళ్ళు కూడా రత్నంగారిదే తప్పన్నారు.

వానలు పడి బోదె నిండాక ఒక ఉదయం షాపుకు ఫోనొచ్చింది. మేం వెళ్ళేసరికి వంతెన విరిగి ట్రాక్టరు బోదెలో తిరగబడి ఉంది. చక్రాలు ఆకాశం వైపు ఉన్నాయి. నీళ్ళు మోకాలి లోతే. ఆ మోకాలి లోతు నీళ్ళలో శ్రీను బండి కిందున్నాడు. జనం మోకులు కట్టి లాగుతున్నారు, అది కదలడం లేదు. ఆయన భార్య లక్ష్మిని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని ఉన్నారు. రత్నంగారు ఏడవలేదు. గట్టు దిగి, విరిగిన దుంగ ముక్కొకటి తీసుకుని చూశారు. పైవైపు ఇనుములా ఉంది. నీళ్ళకు నానిన కిందివైపు ఆవిడ గుప్పిట్లో పిండి పిండి అయిపోయింది. ఆ పిండిని చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు అన్నారు: "నేను చెప్పేను, వాడు విన్లేదు అంటన్నారంతా. నేనేం చెప్పేను ప్రసాదూ? సైకిలు తొక్కమన్నాను. చెప్పాల్సింది వంతెన సంగతి. అదొక్కటీ నాలోనే దాచుకున్నాను."

ఆ తర్వాత లక్ష్మి షాపుకు వచ్చింది. షాపులో జనం ఉన్నారు, ఆమెను చూడగానే తప్పుకుని దారిచ్చారు. "తోట ఊరుకోదు కదా వదినగారూ. పిల్లలకి అదే ఆధారం. మాకు ఏ బండి సరిపోద్దో చెప్పండి" అంది. రత్నంగారు కుర్చీలోంచి లేచారు. చెప్పులేసుకుని, "ఇక్కడ కాదమ్మా, పద" అన్నారు.

తోటంతా నడిచారు. చెట్టుకీ చెట్టుకీ మధ్య నిలబడి, ఎక్కడ తిరగాలో, ఎక్కడ వెనక్కి రావాలో లక్ష్మినే అడిగి తెలుసుకున్నారు. రెండు అరటి వరసల మధ్య పట్టే చిన్న బండి చాలన్నారు. "కానీ ముందు బోదె మీద బండి దాటేలా సిమెంటు తూము పడాలి. బండి తర్వాత" అన్నారు. తూము పడింది. బండి వచ్చింది. అంతవరకూ పూజలన్నీ షాపు గుమ్మంలోనే జరిగేవి. ఈ బండికి మాత్రం పూజ తూము దగ్గర జరిగింది. నిమ్మకాయలు ఆవిడే వంగి చక్రాల కింద పెట్టి, బండికి ముందు తను నడిచి ఆ తూము దాటారు.

అవతలి గట్టు మీద లక్ష్మి నెమ్మదిగా అంది: "ఆయన అడిగినప్పుడు కూడా ఇలా వచ్చుంటే బాగుండేదండీ."

"ఆయ్" అన్నారు రత్నంగారు.

పెద్దవాళ్ళ మాటకు అవునండీ అన్నట్టు పలికే ఆ మాట మేమంతా ఆవిడతో అనేవాళ్ళం. ఆవిడ ఇంకొకరితో అనగా నేను విన్నది అదొక్కసారే. తనకంటే చిన్నదాని ముందు, తల దించుకుని.

ఆ రోజు నుంచి ఆవిడ షాపులో ఎవరినీ చూసి నవ్వలేదు. పోయేవరకూ అంతే. అడిగినవాళ్ళ తోటకు వెళ్ళడం, దారంతా నడవడం, వద్దనాల్సి వస్తే అక్కడే, ఎవరూ వినకుండా వద్దనడం. ఆవిడ పోయాక షాపు నా చేతికొచ్చింది. నేనూ అలాగే చేస్తున్నాను. ఈ రాజోలు ఆయన కూడా కొత్త అల్లుడి ముందు పెద్ద బండి కావాలన్నారు. "తోట చూసి చెప్తానండీ" అన్నాను. ఆయన వంతెన కూడా తాటిదుంగలదే. గట్టు దిగి, నీళ్ళలో చెయ్యి పెట్టి అడుగు తడిమాను. గోళ్ళలోకి పిండి వచ్చింది. ఆయన్ని ఒక్కణ్ణే కిందికి పిలిచి చూపించాను. ఆయన చిన్న బండికే ఒప్పుకున్నారు. నెల తిరక్కుండా తూము వేయించారు.

మొన్న హారతి అయ్యాక బండి కదిలింది. నిమ్మకాయలు చితికాయి. అల్లుడు ఈల వేశాడు, ఆడవాళ్ళు నవ్వారు. నేను తూముకు ఈవలే నిలబడిపోయాను. వెనక చక్రాలు అవతలి గట్టు ఎక్కాక తోట యజమాని అక్కణ్ణుంచి చెయ్యూపి, "బండి దాటేసినట్టేనాండీ?" అని అరిచారు.

"ఆయ్" అన్నాను. బండి చప్పుడులో అది ఆయనకు వినపడలేదు.