బోర్లా పడుకుని విన్న దొంగతనం

నా భార్య కుడికంటి లోపలి పొర ఊడిపోతే తిరుపతిలో ఆపరేషన్ చేయించాం. పొర అతుక్కోవడానికి డాక్టరమ్మ కంట్లోకి ఒక గాలిబుడగ ఎక్కించారు. ఆ బుడగ పైకి తేలి పొరను ఒత్తిపట్టాలంటే ఏడు రోజులు ముఖం నేలవైపే ఉండాలన్నారు. తల ఎత్తితే బుడగ జారుతుంది, ఆ కంటి చూపు దక్కకపోవచ్చు.

ఆమె పగటిపూట పడుకోవడం పెళ్లయినప్పటి నుంచీ నేను చూడలేదు. తిరుచానూరులో మా ఇల్లు లాడ్జీల సందులో ఉంది. దారి తప్పిన యాత్రికులను కిటికీలోంచే పలకరించి, తోవ చెప్పి పంపే మనిషి. మొదటిరోజు మధ్యాహ్నానికే, "నేల మింద సీమలన్నీ లెక్కబెట్టేసినా. ఇంగేం సెయ్యాల?" అంది.

మా అమ్మాయి శ్రీసిటీలో పని చేస్తుంది. కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఫోనులో నాటకాలు వింటుంది. వాటిలో ఒకటి నా ఫోనులో వేసి ఇచ్చింది. రాబోయే కాలపు కథ. ఒక శ్రీమంతుడు చిన్న చందమామను కొని, నిమ్మకాయంత చేయించి, ఆకాశంలో తేలే బంగళాలో దాచుకుంటాడు. దాన్ని కొట్టేయడానికి ఒక దొంగల ముఠా బయలుదేరుతుంది. నాయకురాలు ఒక ముసలమ్మ. వాళ్లలో ఒక రోబో ఉంటాడు, అబద్ధమాడితే వాడికి ఎక్కిళ్లు వస్తాయి.

ఆమె మంచం అంచున దిండుకు నుదురు ఆనించి పడుకునేది. నేను కింద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, ఫోను గుండెల మీద పెట్టుకునేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో కూడా మేమంత సేపు ఒకరి ముఖం ఒకరం చూసుకున్న గుర్తు లేదు. ఎక్కిళ్లు వినబడినప్పుడల్లా ఆమె నవ్వేది.

"నవ్వితే తల కదుల్తాది మే."

"నవ్వొద్దని డాక్టరమ్మ సెప్పలేదే!"

ఏడు రోజులూ సరిపోవాలని రోజుకు రెండు భాగాలే అని ఆమే నియమం పెట్టింది.

నాలుగో రోజు ఉదయం పాలకు వెళుతూ నేను ఆగలేక, చెవిలో పెట్టుకుని చివరి భాగం వినేశాను. చాలా ఏళ్లు పత్రిక డెస్కులో పనిచేసినవాణ్ణి. అసలు సంగతి మొదటి వాక్యంలో లేకపోతే ఆ వార్తను విలేకరికే తిప్పి పంపేవాణ్ణి. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? గడప దాటుతూనే చెప్పేశాను.

"సందమామను కొట్టేసింది ముసలమ్మ కాదు మే, రోబో! తీస్కపోయి మళ్లా ఆకాశంలోనే పెట్టేసినారు."

ఆమె గబుక్కున లేచి కూర్చుంది. తల పైకెత్తి మరీ అడిగింది.

"నిన్నెవరయ్యా అడిగింది? ఇంగ నాలుగు దినాలు నేను దేనికోసరం పండుకోవాల?"

"ముందు తల దించు."

"దించను. పో."

బతిమాలాను. వినలేదు. కట్టు వెనక ఆ బుడగ ఎటు జారుతోందో తెలియదు. అమ్మాయికి ఫోన్ చేశాను. బస్సు హోరులోంచే తిట్టింది.

"అది నీ పేపరనుకుంటివా నాయనా? ఫోను అమ్మకియ్యి."

స్పీకరులో పెట్టి ఇచ్చాను. తల్లితో మాత్రం నిదానంగా మాట్లాడింది. "ఎవరు కొట్టేసినారో తెలిస్తే ఏమాయమ్మా? ఆ ఎక్కిళ్లోడు కాపలావోళ్లని ఎట్ల దాటినాడో నాయన సెప్పినాడా?"

"సెప్పలే." అంది. "అవునబ్బా, అబద్దమాడకుండా ఎట్ల దాటినాడు?" అంటూ నావైపు చూసింది.

నాకు తెలుసు. జవాబు పెదవుల దాకా వచ్చింది.

"నాకూ సరింగా అర్థం కాలే. ఇద్దరం ఇందాం, పండుకో," అన్నాను.

ఆమె నుదురు మళ్లీ దిండుకు ఆనింది.

కాపలావాళ్లు ఏమడిగినా రోబో ఎదురు ప్రశ్నే వేస్తాడు. ప్రశ్నలో అబద్ధం ఉండదు కాబట్టి ఎక్కిళ్లు రావు. చివరి భాగంలో అది వచ్చినప్పుడు ఆమె, "మన సందులో లాడ్జీవోడు మాట్లాడేదీ ఇట్లనే గదా!" అని పకపకా నవ్వింది. నేనూ కొత్తగా విన్నట్టే నవ్వాను. కానీ ఆమె తల ఎత్తి కూర్చున్న ఆ కాసేపటి భయం మాత్రం నన్ను వదల్లేదు.

ఎనిమిదో రోజు డాక్టరమ్మ ఎడమకన్ను మూయించి, వేళ్లు చూపించారు. ఆమె "మూడు" అంది. పొర అతుక్కుందన్నారు. బుడగ కరుగుతోందనీ, కింది సగం ఇంకొన్నాళ్లు మసకగానే ఉంటుందనీ చెప్పి, నన్ను ఎదురుగా నిలబడమన్నారు.

"నెత్తి కనబడతా ఉండాది. కండ్లు కనబడతా ఉండాయి. నోరుండే సోట మాత్రం నల్లగా ఉండాది," అంది. "ఆడ మాత్రం ఇంగ రెండు దినాలు అట్లే ఉండనీ డాక్టరమ్మా."

డాక్టరమ్మ అర్థం కాక నావైపు చూశారు. నేను చెప్పలేదు.