నువ్వుగింజ పెట్టిన నోటుపుస్తకం

నా బిడ్డకు మూడో నెల వచ్చేసరికి నాకు నిద్ర కరువైంది. ఏడుపు మాత్రం పిలవకుండానే వచ్చేది. తిరుపతిలో మా వీధిలో అప్పుడప్పుడే ఇంటింటికీ కేబుల్ తీగలు లాగుతున్న రోజులవి. బిడ్డకు సూదిమందు వేయించడానికి ఆసుపత్రికి పోతే, అక్కడి నర్సమ్మ బిడ్డను వదిలేసి నా మొహమే చూసింది.

"ఎవురికీ చెప్పుకోలేంది ఒక పుస్తకంలో రాసుకోమ్మా. దినామూ రాయి. రోంతన్నా తేలికపడతావు" అంది.

నేను చదివింది ఐదో తరగతి, ఒత్తులు సరిగా రావన్నాను. "దిద్దేదెవురు?" అని నవ్వింది.

దిద్దేవాళ్ళ భయం కాదు నాది, చదివేవాళ్ళ భయం. మా ఎదురింటి కోడలు కాన్పు తర్వాత ఇట్లాగే ఊరికే ఏడుస్తుంటే, మతి చెడిందని ఆమెను పుత్తూరు బస్సెక్కించి పుట్టింటికి పంపేశారు. బిడ్డను మాత్రం ఇక్కడే పెట్టుకున్నారు. నా ఏడుపు కాగితం మీద కనబడితే నాకూ ఆ బస్సే. అందుకే అత్త అడగ్గానే నోటికొచ్చిన అబద్ధం చెప్పేశాను.

"ఏం రాస్తాండావు?"

"రామకోటి, అత్తా."

మా అత్తకు అక్షరాలు రావు. పొంగిపోయింది. నోటుపుస్తకం నాలుగు మూలలా పసుపు పూసి దేవుడి అరలో పెట్టింది. "నా పేరు జెప్పి గూడా నాలుగు నామాలు రాయి" అంది. ఇంక స్నానం చేయకుండా ఆ పుస్తకాన్ని ముట్టేవాళ్ళు లేరు. మా ఆయన చిత్తూరు మామిడి మండీలో పనిచేస్తూ వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఆయన కూడా కళ్ళకద్దుకుని పెట్టేసేవాడే కానీ తెరిచేవాడు కాదు. ఇంతకు మించిన తాళం ఎక్కడుంది? కాకపోతే నేను బయటుండే మూడు రోజులూ నాకు కూడా ఆ తాళమే. ఆ మూడు రోజులు నోటికి గుడ్డ కట్టినట్టుండేది.

ఇంట్లో నాకు అనుమానమున్నది ఒక్క మా తోటికోడలి మీదే. మా బావగారి భార్య, పది దాకా చదువుకుంది. ఒక మధ్యాహ్నం గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ నన్నే చూసింది.

"ఏమ్మే, రామకోటికి ఆలోచన దేనికి? రాస్తావు, ఆగుతావు, గోడ సూస్తావు. రాముడి పేరేందో మర్సిపోతాండావా?"

"మనసులో ధ్యానం చేసుకుంటా ఉండానక్కా."

"ఊఁ" అంది. ఆ ఊఁ నాకు నచ్చలేదు. మరుసటి రోజు నుంచి ఏం రాయాలో గిన్నెలు తోముతూనే అనుకుని వచ్చి, చెయ్యి ఆగకుండా రాసేదాన్ని.

ఒకరోజు బావి గురించి రాశాను. మా పెరట్లో బావి ఉండేది. చేంతాడు పట్టుకుని లోపలికి చూస్తే తల ఎత్తబుద్ధి కావడం లేదని రాశాను. రాసి, మూసి, బిడ్డకు నీళ్ళు పోయడానికి పోయాను.

రెండు రోజులకు మా తోటికోడలు నా చేతిలో చేంతాడు లాక్కుంది.

"పాలిచ్చేదానివి, నువ్వు చేదొద్దు. ఇంగ నీళ్ళు నా పని."

అదీ మా అత్త వినేటట్టు గట్టిగా. అత్త వెంటనే, "సూడు, పెద్దదానిది ఎంత మంచి గుణమో" అంది. నాకు ఒళ్ళు మండింది. నన్ను పనికిరానిదాన్ని చేసి అత్త దగ్గర మార్కులు కొట్టేస్తోందనుకున్నాను. మూడు బిందెలు అవసరమైన చోట ఆరు నింపేది. పెరటి వాకిలి దాటనిచ్చేది కాదు. గుడ్డలు ఆరేయడానికి పోయినా వెనకాలే వచ్చేది.

నేను లేనప్పుడు పుస్తకం కూడా తెరుస్తోందేమోనన్న అనుమానంతో, రాసిన పేజీ మడతలో ఒక నువ్వుగింజ పెట్టాను. బయటున్న మూడు రోజులూ గడిచి నాలుగో రోజు తెరిచి చూస్తే గింజ లేదు. చీమ లాక్కుపోయిందేమో అనుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. ఇంకో ఎత్తు వేశాను. "అక్క పప్పులో ఉప్పు ఎక్కువేస్తుంది" అని ఒకే ఒక్క వాక్యం రాసి పెట్టేశాను.

మరుసటి రోజు పప్పు చప్పగా ఉంది.

అంటే బావి సంగతీ చదివింది. ఇంక ఏ రోజు అత్త చెవిన వేస్తుందా, మా ఆయన చిత్తూరు నుంచి ఏ వారం మొహం మార్చుకుని వస్తాడా అని ఎదురుచూడ్డమే పనైపోయింది. రాయడం మానేశాను. ఏడుపు మళ్ళీ ఎక్కువైంది.

శ్రీరామనవమి రోజు ఉదయం తలస్నానం చేసి వచ్చి చూస్తే దేవుడి అరలో పుస్తకం లేదు. వంటింట్లోకి ఉరికాను. మా తోటికోడలు పానకంలోకి మిరియాలు నూరుతోంది.

"యాడ పెట్టినావక్కా నా పుస్తకం?"

"నేను తీయలేదు."

"నువ్వు గాక ఇంకెవురికి కావాలది?"

ఆమె బదులు చెప్పకుండా అర వైపు చూసింది. కుంకుమ భరిణ మూత తీసుంది. అత్త చెప్పుల జత వాకిట్లో లేదు.

"అయ్యో! అత్త గుళ్ళో ఇచ్చేదానికి ఎత్తుకపోయిందిమే" అంది.

నవమి రోజు రామకోటి రాసినవాళ్ళు పుస్తకాలు గుళ్ళో అప్పగిస్తారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. బిడ్డను చంకనేసుకుని నేను, తడి చేతులతో ఆమె, వీధుల వెంట దాదాపు పరిగెత్తాము. మేము పోయేసరికి పూజారి ఒక్కొక్క పుస్తకమే తెరిచి, మొదటి పేజీలో కుంకుమ పెడుతున్నాడు. మా అత్త వరసలో మూడో మనిషి. పుస్తకం గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. నేను గుడి గడప దగ్గరే ఆగిపోయాను. మా తోటికోడలే ముందుకు పోయింది.

"అత్తా, అది నిండలేదు. సగం పుస్తకం దేవుడికి ఇస్తారా ఎవురన్నా? సామీ, మీరే చెప్పండి."

"నిండినాకే తీసుకురాండమ్మా" అన్నాడు పూజారి, తలెత్తకుండానే.

అత్త నాలుక కరుచుకుని, పుస్తకాన్ని కళ్ళకద్దుకుని నా చేతికిచ్చింది. "బిన్నా నింపు తల్లీ, ఆలీసం చేయొద్దు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్తను ముందు నడవనిచ్చి, మేమిద్దరం వెనకబడ్డాం.

"చదివినావు గదా?" అన్నాను.

"చదివినా. తప్పే. నువ్వు రాస్తా ఏడస్తాంటే తట్టుకోలేక తీసినా. ఇంతకీ నేను పప్పులో ఉప్పు జాస్తి ఏస్తానా?"

"లేదక్కా. నిన్ను పట్టుకునేదానికి రాసినా."

"దొంగదానా! నాలుగు దినాలు ఉప్పు లేని కూడు తిన్యాము గదమ్మే" అని నా భుజం మీద ఒకటేసింది. తర్వాత, "బావి దగ్గరికి నిన్ను పంపిచ్చేది లేదు. నాకు నీ మీద నమ్మకం లేదు" అంది.

ఆ ఆరు బిందెల లెక్క అప్పుడు తెలిసింది నాకు.

మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. ఆమె నా పుస్తకం తెరవడం మానేసింది గానీ అనుమానం మానలేదు. రోజూ రాయడం అయిపోగానే వచ్చి అడిగేది, "ఈ దినం ఏం రాసినావు? బావి వచ్చిందా?" అని. వచ్చిన రోజు వచ్చిందనేదాన్ని. ఆ రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చింతపండు పిక్కలు తీయించేది. ఎండలు పోయి వానలు పట్టేదాకా అలాగే నడిచింది.

ఒక సాయంత్రం అలవాటుగా వచ్చి నిలబడింది.

"ఏం రాసినావు?"

"పాలు విరిగిపోయినాయని, పిల్లోడికి రెండు పండ్లొచ్చినాయని."

"బావి?"

"రాలేదక్కా. వారమైంది రాక."

నా మొహంలోకి చాలాసేపు చూసింది, అబద్ధమేమో అన్నట్టు. తర్వాత చేంతాడు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"అట్లయితే రేపట్నించి నీళ్ళు నువ్వే చేదుకో. నా నడుం ఇరిగిపోయింది."