రెయినో తెరవని తుపాకి

రెయినో తోల్వనెన్‌కి మురికంటే చీదర. ఉత్తరాది మంచుదేశంలో కుహ్మో అనే ఊళ్ళో పనిబట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేశాడు. మిషను పక్కపలక విప్పి, లోపల పేరుకున్న పీచూ నూనె ముద్దా చూస్తే చాలు, దాని ముందు కూర్చునే మనిషి ఇంట్లో గిన్నెలెలా ఉంటాయో చెప్పేసేవాడు. ఆ మాట ఆ మనిషి మొహం మీదే అనేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున అతని పక్కన కూర్చుని కాఫీ తాగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

ఆ తర్వాత అతని బల్ల మీదికి బాగుచెయ్యమని ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు రావడం మొదలైంది. చూడ్డానికి నిజం తుపాకుల్లాగే ఉంటాయి గానీ కాల్చేది బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుండ్లు. బ్యాటరీ మోటారును తిప్పితే, మోటారు పళ్ళచక్రాలను తిప్పుతుంది. అవి స్ప్రింగును వెనక్కి లాగి వదిలితే గాలి గుండును నెడుతుంది. లోపలికి చూస్తే కుట్టుమిషనుకి పినతల్లి కొడుకే. ఊళ్ళో పాతికమంది ఎదిగిన మనుషులు ఆదివారాలు అడవిలో చేరి వాటితో ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునేవారు. రెయినోకి ఆ ఆట వెర్రిగా కనిపించేది. ఆ తుపాకులు మాత్రం రోత పుట్టించేవి. వాటికి అంటుకోని పదార్థమంటూ లేదు. ఆవపిండి ముద్ద, చీమిడి, కుక్కవెంట్రుకలు, ఎండిన బురద. ఒకసారి గుండ్ల డబ్బాలో సగం కొరికిన సాసేజి కూడా దొరికింది.

ఫిబ్రవరిలో ఏటా ఒక పెద్ద ఆట ఉంటుంది, గడ్డకట్టిన చెరువు ఒడ్డున, రోజంతా. ఆ చలికి వేసవి తుపాకి పనికిరాదు. లోపలి గ్రీజు మైనంలా బిగిసిపోతుంది, రబ్బరు రాయవుతుంది, బ్యాటరీ ప్రాణం పోయినట్టు పడుకుంటుంది. అందుకని ఆటకి వారం ముందు ఏడు తుపాకులు రెయినో దగ్గరికి చేరాయి.

మొదట విప్పింది జట్టు నాయకుడు అహ్తి హెయికురాది. గేర్‌బాక్స్ మరలు తీసి రెండు పలకలూ విడదీయగానే గుప్పున కంపు కొట్టింది. తడిసిన కుక్క, పాడైన కొవ్వు, రెండూ కలిసిన కంపు. లోపల పళ్ళచక్రాలే కనబడలేదు. పసుపు తిరిగిన కొవ్వు, దానిలో బూడిదరంగు వెంట్రుకలు. రెయినో లేచి కిటికీ తెరిచాడు. మైనస్ ఇరవై చలి లోపలికొచ్చినా కిటికీ మూయబుద్ధి కాలేదు.

భార్య ఔనె వంటింట్లోంచి తొంగిచూసి ఏం చచ్చిందని అడిగింది. ఏదీ చావలేదు, అహ్తి తుపాకి విప్పానన్నాడు.

అహ్తికి ఫోను చేస్తే అతను గర్వంగా చెప్పుకున్నాడు. అది రెయిన్‌డీర్ కొవ్వట. పూర్వం మనవాళ్ళు బూట్లకి అదే రాసేవారట, ఎంత చలికీ గడ్డకట్టదట. "గడ్డకట్టడం సంగతి దేవుడెరుగు, కుళ్ళిపోయింది," అన్నాడు రెయినో. "నీ బూట్లు కూడా ఇలాగే కంపు కొడతాయా?" అవతల అహ్తి నవ్వాడు. అతనికి ఏ మాటా అంటదు. రెయినోకి అతనిలో అన్నిటికంటే వెగటు అదే.

ఆ కొవ్వును పుల్లతో గీకి, పెట్రోలుతో మూడుసార్లు కడిగాడు. చక్రాలకి చలికి బిగియని పల్చటి గ్రీజు, ఒక్కో పంటికి తగిలీ తగలనట్టు పూశాడు. గట్టి స్ప్రింగు తీసి మెత్తనిది వేశాడు, చలిలో మోటారుకి బరువు తగ్గాలని. గుండుకు తిప్పుడిచ్చే రబ్బరు మార్చాడు. తర్వాత తుపాకిని కట్టెల కొట్టంలో పగలంతా వేలాడదీసి, సాయంత్రం డబ్బామూత మీద కాల్చి చూశాడు. టకటకా పేలింది. లోపలికొచ్చి తారు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు, అయినా భోజనం దగ్గర వేళ్ళు వాసన చూసుకుంటూ రొట్టె పక్కకి నెట్టేశాడు.

తర్వాతి ఐదూ అంతే, ఒకదాన్ని మించిన రోత ఇంకొకటి. శుక్రవారానికి అతని ఒళ్ళంతా ఆ మురికిలో నానినట్టయింది.

చివరిది త్వీరె మొయిలనెన్‌ది. త్వీరె ఊరి బయటి దారుల్లో ఉత్తరాలు పంచే మనిషి, నలభై దాటింది. మొగుడు విడిపోయి వెళ్ళాక రోజుకి పది మాటలు కూడా మాట్లాడకుండా బతికేది. జట్టులో చేరి రెండేళ్ళయింది, ఈసారే మొదటిసారి ఎడమవైపు నలుగురిని నడిపించమని ఆమెకి అప్పజెప్పారు. ఆ రోజుకోసం సెలవు దాచుకుంది. ఆమె తుపాకి గుడ్డసంచిలో వచ్చింది. పైన మరకైనా లేదు. మరల గాడుల్లో కూడా దుమ్ము లేదు.

రెయినో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. హమ్మయ్య, ఒక శుభ్రమైన మనిషి అనుకున్నాడు. ఇంకో గేర్‌బాక్స్ విప్పాలనే తలపుకే అతనికి డోకొచ్చింది. పైపైన తుడిచి, గొట్టంలో గుడ్డ దూర్చి తీసి, సంచిలో పెట్టేశాడు. మర్నాడు ఆమె వచ్చి అయిందా అని అడిగితే అయిందన్నాడు. బ్యాటరీ చొక్కాలోపల ఒంటికి ఆనించి ఉంచుకో, తుపాకిని మాత్రం వెచ్చటి చోటికి తేకు, చెమటపట్టి గడ్డకడుతుంది అని జాగ్రత్తలు కూడా చెప్పాడు.

ఆట రోజు మైనస్ ముప్ఫై ఒకటి. చెరువు ఒడ్డున వేసిన గుడారంలో పొయ్యికి దూరంగా బల్ల వేసుకుని రెయినో కూర్చున్నాడు, ఏదైనా పాడైతే చూడమని అహ్తి పిలిచాడు గనక. అహ్తి తుపాకి బయట ఆగకుండా పేలుతోంది. ఆ చప్పుడు విని రెయినో లోలోపల పొంగిపోయాడు.

గంట తిరక్కముందే త్వీరె వచ్చింది. కనురెప్పల మీద మంచు. తుపాకి బల్ల మీద పెట్టి, ఇది రెండుసార్లు మూలిగింది, మూడోసారి లోపల ఏదో విరిగింది అంది. ఆమె వెనకే అహ్తి, ఇంకో ఆరుగురు కాఫీకి వచ్చారు. త్వీరె లేక ఎడమవైపు దారి తెరుచుకుని జట్టు ఓడిపోతోందన్న చిరాకులో ఉన్నారు.

అహ్తి నిప్పుల మీద సాసేజి తిప్పుతూ ఉపన్యాసం అందుకున్నాడు. కొత్తవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదట. తుపాకిని గుడారంలోకి తెచ్చి వెచ్చబెట్టి మళ్ళీ బయటికి తీసుకెళ్ళి ఉంటుంది, నీళ్ళు పట్టి గడ్డకట్టింది, ఇంతే. త్వీరె తేలేదంది. ఒకడు నవ్వి, ఉత్తరాలతో పాటు పొరపాటున స్టౌ మీద పెట్టావేమో అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వారు. అహ్తి గడ్డం మీంచి సాసేజి నూనె కారుతోంది.

ఈలోగా రెయినో మరలు తీశాడు. పలకలు విడదీశాడు. లోపల తుపాకి తయారైనప్పుడు పెట్టిన వేసవి గ్రీజు, తేనెమైనంలా గట్టిపడి ఉంది. దానిలో చక్రం నుంచి విరిగిన మూడు పళ్ళు, గొంతులో ఇరుక్కున్న ఎముక ముక్కల్లా. నీటి చుక్క లేదు.

అతను పుల్లతో గ్రీజు కెలుకుతూ కూర్చున్నాడు. ఇప్పుడు చెప్తాను, ఈ నవ్వు ఆగాక చెప్తాను అనుకున్నాడు. నవ్వు ఆగింది, అయినా చెప్పలేదు. కాఫీ పోసుకున్నారు, తాగి మళ్ళీ పోసుకున్నారు. త్వీరె చేతితొడుగులు తీసి, మళ్ళీ వేసుకుని, నేల చూస్తూ నిలబడింది. రెయినో కొవ్వు పూసిన అహ్తిని చూసి ఇన్నాళ్ళూ ఏవగించుకున్నాడు. ఇప్పుడు అతనికి తన వేళ్ళంటేనే ఏవగింపు పుట్టింది.

"ఆమె తప్పు లేదు," అన్నాడు చివరికి. "నేను లోపల తెరవలేదు."

అహ్తి సాసేజి దించాడు. "తెరవకుండానే అయిందని చెప్పావా?"

"చెప్పాను."

"నా కొవ్వుని కుళ్ళన్నావు. నేను కనీసం చెప్పిందే పూశాను ముసలోడా, చెయ్యనిది చేశానని అనలేదు."

రెయినో తలూపాడు. అహ్తి అన్న మాట నిజం కావడమే అతనికి మింగుడుపడలేదు.

త్వీరె అహ్తి వైపు చూడలేదు. "నన్ను అంటున్నప్పుడు నువ్విక్కడే ఉన్నావుగా," అంది రెయినోతో. "పలకలు విప్పగానే తెలిసింది కదా నీకు."

"తెలిసింది."

"రెండు కప్పుల కాఫీ అయింది, రెయినో."

విప్పిన తుపాకిని ముక్కలు ముక్కలుగానే సంచిలో వేసుకుని ఆమె వెళ్ళిపోయింది. ఎడమవైపు నలుగురినీ ఇంకెవరో నడిపించారు. రెయినో బల్ల మడిచి, ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళాడు. ఔనె చేపల పులుసు పెడితే తినలేదు. ఏమైందని ఆమె అడిగితే అంతా చెప్పాడు. ఔనె గిన్నె మీద మూత పెట్టి, ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో అందరి మురికీ ఎంచావు, నీది ఎంచడానికి ఉత్తరాలు పంచే ఆవిడ రావాల్సొచ్చింది అంది. ఓదార్చలేదు.

పదిహేను రోజుల తర్వాత త్వీరె వచ్చింది. సంచితో పాటు మరలు విప్పే పనిముట్లు కూడా సొంతంగా తెచ్చుకుంది. ఆమెని ఎవరూ పిలవలేదు, రెయినో క్షమించమని కబురూ పెట్టలేదు. అడగడానికి అతనికి నోరు రాలేదు.

"నా ముందు తెరువు," అంది. "లేదు, ఉండు. నేనే తెరుస్తాను, నువ్వు చెప్పు."

ఆ రోజు నాలుగు గంటలు కూర్చున్నారు. ఆమె గ్రీజు గీకింది, పెట్రోలుతో కడిగింది, కొత్త చక్రం ఎక్కించింది. రెయినో ఎక్కడ ఎంత పుయ్యాలో చెప్పాడు గానీ వేలు పెట్టలేదు. ఒకసారి స్ప్రింగు ఎగిరి గోడకి కొట్టుకుంటే ఇద్దరూ దాన్ని బల్ల కింద వెతికారు. ఔనె కాఫీ తెచ్చిపెట్టింది. త్వీరె తాగి, మళ్ళీ పని అందుకుంది.

అప్పట్నించీ అతను ఎవరి తుపాకినీ ఒంటరిగా విప్పడు. తెచ్చినవాడు ఎదురుగా కూర్చోవాల్సిందే. చాలామందికి అది తలనొప్పి, కొందరు రావడం మానేశారు. అహ్తి మాత్రం వస్తాడు. మళ్ళీ అదే కొవ్వు పూసుకుని వస్తాడు. కిటికీ బార్లా తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని రెయినో దాన్ని గీకుతుంటే అహ్తి ఎదురుగా కూర్చుని బూట్ల కబుర్లు చెప్తాడు. రెయినోకి ఇప్పటికీ ఆ కంపంటే రోతే. కానీ పలకలు రెండూ విడదీసి, అడుగుదాకా చూసేవరకూ లేవడు.