కండువా కింద కారు బేరం

ఈ మాట గొంతులో పెట్టుకుని ఎన్నేళ్ళు తిరిగానో తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. మింగలేదు, కక్కలేదు. అన్నం తింటూ ఉంటాను, గుర్తొస్తుంది, చెయ్యి ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు కూరలో ఉప్పెక్కువైందేమో అనుకుంటారు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అది పిరికితనమే, ఒప్పుకుంటున్నాను. నేనొక మనిషి పొట్ట కొట్టాను. కొట్టి, పక్కనే నిలబడి అయ్యో పాపం అన్నాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు షావుకారు దగ్గర గుమస్తాను. ఇంగ్లీషు వచ్చు, ఉత్తరాలు రాయడం వచ్చు, అన్నిటికంటే బాగా బేరం చెయ్యడం వచ్చు. మా వైపు పశువుల సంతలో బేరం నోటితో చెయ్యరు. చేతుల మీద కండువా కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఒక్కో వేలికి ఇంత అని లెక్క. చుట్టూ ఎంతమంది మూగినా, ఎంత అడిగారో ఎంతకు తెగిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. కండువా కింద జరిగింది బయటపెట్టకూడదు. అది మర్యాద. జీడిగింజలకీ, కొబ్బరికాయలకీ కూడా మా షావుకారు అదే పద్ధతి. ఆ విద్యలో నన్ను కొట్టినవాడు లేడని ఆయన పదిమందిలో అనేవాడు. ఆ మెప్పు కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

టెక్కలిలో ఒక రైసుమిల్లు యజమాని కొత్త కారు కొన్నాడు. అంతే, మా షావుకారుకి కంటి మీద కునుకు లేదు. ఆయనకి పాత కారు ఉంది, శుభ్రంగా నడుస్తోంది. అయినా ఇంకా పెద్దది కావాలి. విదేశీ కారు, నాలుగు తలుపులది, లోపల తోలు సీట్లు, పరుగులో పందెం కారుకి తీసిపోనిది. మా ఉద్దానం ఇసక దారుల్లో అది ఎక్కడ పరుగెత్తుతుందని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. విశాఖపట్నంలో ఏజెంటు ఉన్నాడని కనుక్కుని, ఉత్తరం రాసి, బేరానికి నేనే బయలుదేరాను.

పాత కారులో నన్ను తీసుకెళ్ళినవాడు ఎర్రయ్య, షావుకారు డ్రైవరు. అక్కుపల్లి మనిషి, సముద్రం మీద బతికే ఇల్లు. యుద్ధం రోజుల్లో మిలటరీ లారీలు నడపడం నేర్చుకొచ్చాడు. అన్నదమ్ములంతా తెప్పలెక్కితే తనొక్కడే స్టీరింగు పట్టాడు. కొత్త కారంటే షావుకారు కంటే అతడికే సంబరం. దాన్ని నడపబోయేది తనే కదా. వెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఆ కబుర్లే. దానికోసమని కొత్త ఖాకీ చొక్కా కూడా కుట్టించుకున్నాడు.

షోరూములో కారుకి కంపెనీ కట్టిన ధర మీద బేరం లేదు. కానీ ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్ళ వరస చాలా పొడుగుంది. దాన్ని దాటి ముందుకు రావాలంటే పైన కొంత ముట్టజెప్పాలి. ఆ పై సొమ్ము ఎంతన్నది అక్కడి మేనేజరు ఇష్టం. సూటూ బూటూ వేసుకుని కాసేపు ఇంగ్లీషులో మాట్లాడుతూ నన్ను పురుగులా చూశాడు. నా నోట తెలుగు వినగానే మీదేవూరని అడిగాడు. తనదీ టెక్కలి దగ్గర పల్లెట. తలుపు దగ్గరగా వేసి, నా భుజం మీది కండువా తనే తీసి, మా చేతుల మీద కప్పాడు. నాకు నవ్వొచ్చింది. అద్దాల్లా మెరిసే కార్ల మధ్య ఇద్దరం ఎడ్ల బేరగాళ్ళలా నిలబడ్డాం.

నేనొక వేలు తగ్గిస్తే అతడొక వేలు కలుపుతాడు. చివరికి ఇద్దరి మధ్యా రెండు వేళ్ళ తేడా దగ్గర బిగుసుకుపోయాడు. అక్కడితో తెగితే షావుకారు పరవాలేదంటాడు. పరవాలేదనిపించుకోవడానికా నేను అంత దూరం వెళ్ళింది? అప్పుడు మేనేజరు నా చెవి దగ్గరకి వంగాడు. తన బావమరిది డ్రైవరట, పని లేకుండా ఉన్నాడట. కొత్త కారు మీద అతణ్ణి పెట్టిస్తే ఆ రెండు వేళ్ళూ వదిలేస్తానన్నాడు.

ఎంతో సేపు మథనపడ్డానని మీకు చెప్పాలని ఉంది. పడలేదు. అతడి వేళ్ళు రెండూ మడిచేశాను. బేరం తెగింది.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. ఎర్రయ్య హుషారుగా నడుపుతున్నాడు. వెనక సీట్లో నాది ఒకటే ఆలోచన. షావుకారుకి ఏం చెప్పాలి? నిజం చెబితే ఆయన ఎర్రయ్యనే ఉంచుకుని పై సొమ్ము పారేసేవాడేమో, ఎవరికి తెలుసు? కానీ అప్పుడు నా గొప్ప ఏం మిగులుతుంది? తాగుతాడని చెబుదామా? పెట్రోలు అమ్ముకుంటున్నాడని చెబుదామా? ఛీ, మంచివాడి మీద నింద వెయ్యకూడదు అనుకున్నాను. చూశారా నా ధర్మబుద్ధి! ఇంతలో ఎర్రయ్య బ్రేకు తొక్కాడు. ఎదురుగా లాంతరు లేని ఎడ్లబండి. నేను దాన్ని చూడనే లేదు. అతడు చూశాడు, కారు పక్కకి తీశాడు, వెనక్కి తిరిగి భయపడ్డారా అని నన్ను అడిగాడు. సరిగ్గా అప్పుడే నాకు ఆ అబద్ధం తట్టింది. రేచీకటి. చీకటి పడితే కళ్ళు కనపడవని చెప్పేస్తే సరి. అది దొంగతనం కాదు, తాగుడు కాదు, ఎవరి తప్పూ కాదు. పరువు పోదు, పని మాత్రం పోతుంది. నా ప్రాణం కాపాడిన ఆ చూపు మీదే దెబ్బ కొట్టాలని, ఆ కారులోనే కూర్చుని తేల్చుకున్నాను.

మర్నాడు షావుకారుతో చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పెళ్ళాంబిడ్డల్ని ఎన్నో రాత్రులు ఎర్రయ్య చేతిలో పెట్టి పంపిన మనిషి, నా ఒక్క మాటకి తలూపి ఎర్రయ్యని మాన్పించాడు, ఎందుకని అడిగినవాళ్ళందరికీ రేచీకటని చెప్పాడు. నా బేరాన్ని పదిమందిలో ఆకాశానికెత్తాడు. కొత్త కారు వచ్చింది. కాశీబుగ్గ బజారు బజారంతా దాని చుట్టూ మూగింది. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మేనేజరు బావమరిది స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఆ పైన ఎర్రయ్య ఎక్కడా బండి నడపలేదు. బస్సులవాళ్ళు వద్దన్నారు, లారీలవాళ్ళు వద్దన్నారు. రేచీకటి మనిషికి బండి ఎవరిస్తారు? పోనీలే, సముద్రం ఉందిగా అనుకుని చేతులు దులుపుకున్నాను. అక్కడ తెప్పలు తెల్లారకముందే చీకట్లో దిగుతాయన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. చీకట్లో అల కనిపించనివాడు తెప్ప మీదుంటే అందరి ప్రాణాలకీ ముప్పు. సొంత అన్నదమ్ములే అతణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి, వలలు బాగుచెయ్యమన్నారు. కాపాడుతున్నాం అనుకున్నారు పాపం.

ఒకరోజు ఎర్రయ్య మా ఇంటికి వచ్చాడు. పైకి రమ్మన్నా రాలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు.

"బాబూ, మా ఆడది దినాం పొన్నగంటి కూరే ఒండుతంది. సొరసేప నూనె తాగిత్తంది. తాగుతున్నాను. కానీ నాకు సీకట్లో అంతా కనిపిత్తానే ఉంది. ఇదేటి బాబూ?"

నేను భుజం మీది కండువా సర్దుకున్నాను.

"ఆ దినం లాంతరు లేని బండిని నానే ముందు సూసినాను గదా? ఎనకాల మీరున్నారు గదా? ఆ ఒక్క మాట మా అన్నోళ్ళకి సెప్పండి బాబూ. మీరు సెప్తే ఇంటారు."

"అది అప్పటి మాట ఎర్రయ్యా. ఈ రోగం మొదట్లో తెలియదు, తరవాత మెల్లిగా కమ్ముతుంది. డాక్టరుకి చూపించుకో."

అతడు తన అరచెయ్యి కళ్ళ ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు.

"అంతేనేటి. సదువుకున్నోరు, మీకు తెల్దేటి" అని లేచి వెళ్ళిపోయాడు.

అతడు నన్ను అనుమానించి తిట్టి ఉంటే బాగుండేది. నమ్మాడు. తన కళ్ళకంటే నా మాటని నమ్మాడు. ఆ తరవాత పొద్దు వాలితే గుమ్మం దాటేవాడు కాదట. ఎందుకు చెప్పలేదు నేను? కండువా కింద జరిగింది బయటపెట్టకూడదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎంత చక్కటి మర్యాద దొరికింది నాకు! ఎడ్ల ధర దాచడానికి పెట్టుకున్న పద్ధతిలో ఒక మనిషి బతుకుని దాచేశాను. చాలాకాలం మేనేజరు మీద, షావుకారు మీద, కారు చుట్టూ మూగిన ఊరి మీద పళ్ళు నూరాను. అలా నూరుకుంటే హాయిగా ఉండేది. కానీ వాళ్ళెవరూ రేచీకటి అనలేదు. ఆ మాట పుట్టింది నా నోట్లోనే.

షావుకారు పోయాడు. ఆ కారు ఎప్పుడో పాత ఇనుము కింద పోయింది. ఎర్రయ్య జ్వరంతో పోయాడు. నేను వెళ్ళలేదు. అంతా ముగిసిపోయింది, ఇంక చెప్పి ఎవరికి లాభం అనుకున్నాను. ఈ మధ్య బజారులో అక్కుపల్లి నుంచి చేపలు తెచ్చే ఆవిడని ఎర్రయ్య ఇంటి సంగతి అడిగాను. కొడుకు ఎదిగొచ్చాడట. ఏ తెప్ప మీదకీ రానివ్వడం లేదట. వాడికి కళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా అన్నాను. తండ్రికీ మొదట్లో తెలియలేదు కదా, తరవాత మెల్లిగా కమ్మింది కదా, అది రక్తంలోనే ఉంటుంది అంది. నా మాటలే. అక్షరం పొల్లుపోలేదు. చేపలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

నన్ను క్షమించమని అడగను. అడగడానికి ఎదుట ఎవరున్నారు? ఇది రాస్తుంటే మనసు కాస్త తేలికపడుతున్న మాట నిజం. ఆ తేలిక మీద కూడా నాకు కోపమే. నా పేరు దాచుకున్నాను గానీ అతడి పేరు, ఊరు దాచలేదు. కావాలనే దాచలేదు. అక్కుపల్లి వాళ్ళెవరైనా ఇది చదివితే, లేదా ఎవరైనా చదివి వినిపిస్తే, వినండి. ఎర్రయ్య కళ్ళు చచ్చేదాకా బాగానే ఉన్నాయి. ఆ ఇంట్లో రేచీకటి ఎవరికీ లేదు, ఎప్పుడూ లేదు. నేను అబద్ధం చెప్పాను. అతడి కొడుకుని తెప్ప ఎక్కించుకోండి.