ఇంకో పది మాటలే

సూరత్ మగ్గాల కార్ఖానాల్లో పనిచేసే తెలంగాణ వాళ్ల ఉచ్చారణ మీద నేను పరిశోధన చేస్తున్నాను. నా జాబితాలోని మాటలు ఒక్కొక్కటే పలికిస్తూ, నాలుక ఎలా కదులుతుందో స్కానింగ్‌లో చూసి రికార్డు చేసుకోవాలి. అందుకోసం గడ్డం కింద స్కానర్ ఆనించి, అది జరగకుండా తలకు ఒక లోహపు హెల్మెట్ బిగిస్తాం. పిసరంత జారినా బొమ్మ పనికిరాదు.

ఒకరోజు సూరత్‌లోనే పర్వత్ పాటియా అనే పేట నుంచి ఒకావిడ వచ్చింది. కార్ఖానాలో దారం కండెలు చుట్టే పని ఆవిడది. యాభై దాటి ఉంటాయి. అంతకు ముందు వచ్చిన ఇద్దరికీ హెల్మెట్ జారి రికార్డింగులు పాడయ్యాయి. అందుకని ఆవిడకు నుదుటి దగ్గర మర ఇంకో రెండు చుట్లు తిప్పాను.

"జర గట్టిగున్నది బిడ్డా," అంది సగంలో.

"ఇంకో పది మాటలే అమ్మా. కదలకండి."

మిగిలినవి నలభై. ఆ సంగతి నాకు తెలుసు. నొప్పి పుడితే ఎప్పుడైనా ఆపేయమనవచ్చని చదివి వినిపించి ఆవిడ చేత వేలిముద్ర వేయించుకున్న కాగితం నా పక్కనే ఉంది. కానీ తెర మీద నాలుక అంచు అంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు. చివర్లో ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం చూసి కూడా తెరవైపే తిరిగి కూర్చున్నాను.

హెల్మెట్ తీస్తే నుదురు ఎర్రగా కమిలి ఉంది. "మంచిగొచ్చిందా?" అని అడిగి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

మర్నాడు మర అంతే బిగించి నేను పెట్టుకున్నాను. ఐదు నిమిషాలు ఆగలేకపోయాను. ఆవిడ ముప్పావు గంట కూర్చుంది.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. నుదుటి మీద కమిలినచోట నల్లబడింది.

"మీకు అబద్ధం చెప్పానమ్మా. అవి పది మాటలు కాదు. మీ రికార్డింగు తీసేస్తాను."

"పది గాదని నాకు అప్పుడే ఎరుకైంది. దినాం కండెలు లెక్కబెట్టేదాన్ని గదా."

"మరి ఆపమనలేదేం?"

"సదువుకున్న పిల్లవు, ఊకెనే ఎందుకు బిగిస్తవనుకున్న." చేట పక్కన పెట్టింది. "తీసెయ్యకు. తీసేస్తే నేను పడ్డ నొప్పి ఉత్తగనే పాయె గదా. వేరేటోళ్లకు మాత్రం గిట్ల చెయ్యకు."

ఇప్పుడు పది మాటలకోసారి మర వదులు చేసి, నొప్పిగా ఉందా అని అడుగుతున్నాను. కొన్ని రికార్డింగులు పాడవుతున్నాయి, పోనీ అనుకుంటున్నాను. ఆవిడది మాత్రం వాడుకున్నాను. మా గైడ్ దాన్ని అందరి ముందూ మెచ్చుకున్నప్పుడు, అది ఎలా వచ్చిందో చెప్పడానికి నాకు నోరు రాలేదు.