చెనక్కాయ పొట్టు రంగు

మా పెళ్లి కంటే పాతది ఈ బరువు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా ఆవిడ సరోజ, తన కళ్లకు రంగులు సరిగ్గా తెలియవని నమ్ముతుంది. ఆ నమ్మకం నా పుణ్యమే.

అప్పట్లో ఇద్దరం అనంతపురంలో ఒకే ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లం. చిక్కీ కవర్ల కోసం తనకల్లు అనే ఊరి నుంచి వచ్చిన ఒకామె గుప్పెడు చెనక్కాయ, అదే వేరుశనగ, విత్తనాలు టేబుల్ మీద పోసి, ఆ పొట్టు రంగే కవరు మీదికి రావాలంది. అలాంటి రంగుకు ఒక పేరు పెట్టి, ఏ సిరా ఎంత పడాలో సాఫ్ట్‌వేర్‌లో దాచుకుంటాం. ఫైల్లో ఆ పేరు కనబడితే మిషన్ ఆ పాళ్లలోనే అచ్చు వేస్తుంది. సరోజ ఒక్కో నమూనా తీసి, వాకిట్లో ఎండలో పొట్టు పక్కన పెట్టి చూసేది. ముఖం కందిపోయినా వదల్లేదు. ఆ మొండితనం చూసే నేను పడిపోయాను. కుదిరాక ‘చెనక్కాయ’ అని పేరు పెట్టి దాచింది.

మర్నాడు పాత కంప్యూటర్లోని రంగులన్నీ నేను సరోజ రంగు దాచిన కంప్యూటర్లోకి తెచ్చాను. అందులోనూ అదే పేరుతో ఒక రంగుంది. ఉన్నదాని బదులు ఇది పెట్టమంటావా అని కంప్యూటర్ స్క్రీన్ మీద అడిగింది. టీ చల్లారిపోతోందని, చదవకుండానే అవునని నొక్కేశాను. కవర్లన్నీ ఇటుక రంగులో వచ్చాయి.

“ఎవరప్పా ఈ రంగు చేసింది?” ఓనరు అరిచాడు.

“నేనే చేసినానన్నా. ఎండలో చూస్తే సరిగానే ఉండె. నా కండ్లే బాగలేవేమో,” అంది సరోజ.

చదవకుండా నేను నొక్కింది అప్పుడు గుర్తొచ్చింది. నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందనా? కాదు, ఆమె దగ్గర చులకనైపోతానని. ఆమె తనంతట తానే బైండింగ్‌కు మారిపోయింది.

పెళ్లయ్యాక చీరల షాపులో ఏది తీసినా నా చేతిలో పెట్టి, బాగుందా అని అడిగేది. నేను చెప్పిందే కట్టేది. నిజం చెప్పొద్దూ, అలా అడిగించుకోవడం నాకు బాగుండేది. మౌనం కంటే అదే పెద్ద తప్పేమో?

మొన్న పాప లంగాకు తనే ఒక ఆకుపచ్చ గుడ్డ తీసి, మళ్లీ పక్కన పెట్టేసింది. చాలా బాగుందన్నాను, నిజంగానే బాగుంది. తను నవ్వి, “నేను బాధపడతానని అట్లంటాండావులే,” అంది.

ఇప్పుడు తను వంటింట్లో ఉంది. రాయడం కాగానే ఇది తన చేతికే ఇస్తాను. చదివాక ఏమంటుందో తెలియదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఇంతవరకు రాసినందుకే ఊపిరి కాస్త ఆడుతోంది.

సరోజా, ఆ రంగు నువ్వు సరిగ్గానే చేశావు. చెరిపింది నేను.